రాత్రి వ్యాన్‌లో మిగిలిన నీళ్లు

అనంతపురంలో ఏ వీధిలోకి వెళ్లినా ఒక మినరల్ వాటర్ ప్లాంటు కనిపిస్తుంది. షట్టర్ వెనక రెండు మూడు పొడవాటి గొట్టాలు, పక్కన ఫిల్టర్లు, గుయ్యిమంటూ ఒక మోటారు, బయట ఇరవై లీటర్ల క్యాన్ల వరస. బోరు నీళ్లలో ఫ్లోరైడు, ఉప్పులు ఎక్కువ కాబట్టి, వాటిని మెంబ్రేన్ అనే పలుచటి పొరతో వడకట్టే ఆర్‌వో అన్న మాట ఈ జిల్లాలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఇదే సామాను కాస్త చిన్న సైజులో, బ్రిటన్‌లో కిటికీ అద్దాలు కడిగే మనిషి వ్యాన్ వెనక బిగించి ఉంటుంది. మెంబ్రేన్ అదే, నీళ్లలో ఎన్ని ఉప్పులు కరిగి ఉన్నాయో చూపే టీడీఎస్ మీటరు అదే, పైపులు అతికించే తీరు కూడా దాదాపు అదే. ఇక్కడి మెంబ్రేన్ మాత్రం తన జీవితకాలంలో సున్నా డిగ్రీలు చూడదు. అక్కడిది ఒక్కో చలికాలంలో పదుల రాత్రులు చూస్తుంది.

ఇక్కడ జనవరి తెల్లవారుజామున 15, 16 డిగ్రీలకు దిగితే చాలు, స్వెట్టర్లు, మంకీ క్యాపులు బయటికి వస్తాయి. సున్నా దగ్గరికి పోయే చలి చూడాలంటే లంబసింగి దాకా వెళ్లాలి. అందుకే నీళ్లు గడ్డకట్టి ఇత్తడి వాల్వును చీల్చేయడం అనేది సీమవాళ్లకు విన్న సంగతే తప్ప కళ్లారా చూసినది కాదు. బ్రిటన్, ఐర్లాండ్, కెనడా వెళ్లి అక్కడ క్లీనింగ్ కంపెనీల్లో పనికి కుదిరిన కుర్రాళ్లకు మొదటి చలికాలం ఈ చోటే దెబ్బ కొడుతుంది. చలికి వాళ్లు ఓర్చుకుంటారు, ఎక్కడ పుట్టినవాళ్లయినా ఓర్చుకోక తప్పదు. సాయంత్రం వ్యాన్ తలుపు వేసేముందు పైపులు, పంపులోని నీళ్లు ఖాళీ చేసే పది, పదిహేను నిమిషాల పని ఎందుకు చేయాలో విడమరిచి చెప్పేవాళ్లు తక్కువ. ఆ పది నిమిషాలు ఎగ్గొడితే మర్నాటి కూలీ పోతుంది, ఒక్కోసారి వేల రూపాయల సామాను పోతుంది.

(ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. బ్రిటన్‌లో స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లు సొంతంగా వ్యాపారం చేయకూడదు. వ్యాన్ కొని ఇళ్ల అద్దాలు కడుగుతూ డబ్బు తీసుకోవడం సొంత వ్యాపారం కిందికే వస్తుంది. జీతం మీద పనిచేయడం వేరు, దానికి వారానికి ఇన్ని గంటలని హద్దు ఉంటుంది. వీసా ప్రమాదంలో పడేలా ఎవరు ఆశ చూపినా దూరంగా ఉండటం మంచిది.)

అద్దాల పనికి ఆర్‌వో నీళ్లు ఎందుకో ముందు తెలియాలి. అనంతపురంలో బైకు కడిగి తుడవకుండా ఎండలో వదిలేస్తే ట్యాంకు మీద తెల్ల మచ్చలు పడతాయి. నీళ్లు ఆవిరైపోగా వాటిలో కరిగి ఉన్న సున్నం, ఉప్పులు మిగిలితే అదే మచ్చ. మూడో అంతస్తు కిటికీని కింద నిలబడి పొడవాటి పోల్‌తో కడిగేటప్పుడు చివర్లో గుడ్డతో తుడవడానికి చెయ్యి అందదు. కాబట్టి ఆరిపోయినా మచ్చ మిగల్చని నీళ్లు కావాలి. మడ్డి పట్టే ఫిల్టరు, క్లోరిన్ పట్టే కార్బన్ ఫిల్టరు, ఆర్‌వో మెంబ్రేన్, చివరిగా మిగిలిన ఉప్పులను కూడా లాగేసే డీఐ రెజిన్ దాటి వచ్చిన నీళ్ల టీడీఎస్ సున్నా దగ్గర ఉంటుంది, మహా అయితే పది. ఆ నీళ్లు వ్యాన్‌లోని ట్యాంకులో నిలవ ఉంటాయి. 12 వోల్టుల చిన్న పంపు వాటిని తోస్తుంది. రీల్‌కు చుట్టిన వంద మీటర్ల సన్నటి హోస్ పైపు గుండా, పోల్ లోపలి ట్యూబు గుండా ఎక్కి, బ్రష్‌లోని నాజిళ్ల నుంచి అద్దం మీద పడతాయి.

ఇంత శుద్ధమైన నీళ్లు మామూలు నీళ్లకన్నా ముందు గడ్డకడతాయేమోనని ఒక అనుమానం వస్తుంది. లెక్క చూస్తే తేడా ఏమీ లేదు. లీటరు నీటిలో ఒక గ్రాము ఉప్పు కరిగితే, అంటే ఇక్కడి ఉప్పటి బోరు నీళ్లంత టీడీఎస్ ఉంటే, గడ్డకట్టే బిందువు సున్నాకు 0.06 డిగ్రీ దిగువకు జరుగుతుంది. లీటరుకు 35 గ్రాములున్న సముద్రపు నీళ్లు కూడా మైనస్ 1.9 దగ్గర గడ్డకడతాయి. నీటి శుద్ధిని నిందించి లాభం లేదు.

అసలు నష్టం ఎలా జరుగుతుందన్నది ఈ విషయంలో అన్నిటికన్నా ముఖ్యమైన భాగం. ఫ్రీజర్‌లో పెట్టి మరిచిపోయిన గాజు సీసా పగలడం చాలా ఇళ్లలో జరిగిందే. చాలా పదార్థాలు చల్లబడేకొద్దీ కుంచించుకుపోతాయి. నీళ్లు కూడా 4 డిగ్రీల దాకా అలాగే కుంచించుకుంటాయి. అక్కడి నుంచి ఎదురు తిరిగి కొద్దికొద్దిగా వ్యాకోచిస్తాయి. సున్నా దగ్గర గడ్డకట్టినప్పుడు ఒక్కసారిగా 9 శాతం దాకా పెరుగుతాయి. లీటరు సీసాలో మూత దాకా నింపిన నీళ్లకు ఇంకో 90 మిల్లీలీటర్ల చోటు కావాలి. ఆ చోటు ఇవ్వకపోతే సీసా చీలుతుంది.

పైపు విషయంలో ఇంకో మెలిక ఉంది. పైపులో మంచు ముందు ఒకచోట బిరడాలా ఏర్పడుతుంది. అది పెరుగుతూ ఇంకా గడ్డకట్టని నీళ్లను ముందుకు నెడుతుంది. అవతల నల్లా తెరిచి ఉంటే ఆ నీళ్లు బయటికి పోతాయి, పైపుకు ఏమీ కాదు. నల్లా మూసి ఉంటే మంచు బిరడాకూ నల్లాకూ మధ్య ఇరుక్కున్న నీళ్ల మీద ఒత్తిడి విపరీతంగా పెరిగి, ఆ ముక్కలో ఎక్కడ బలహీనంగా ఉందో అక్కడ పగులుతుంది. అందుకే పగులు మంచు ఉన్నచోటే ఉండాలని లేదు, కొన్ని అడుగుల అవతల కూడా ఉండొచ్చు. 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌లో మంచు తుపాను వచ్చి లక్షల ఇళ్లకు కరెంటు పోయినప్పుడు డాలస్, ఆస్టిన్ వైపు ఎన్నో ఇళ్లలో గోడల్లోని పైపులు ఇలాగే పగిలాయి. అక్కడి తెలుగు కుటుంబాలు ఇక్కడి బంధువులకు ఫోన్లు చేసి చెప్పుకున్న కష్టాల్లో ఇదీ ఒకటి. ఆ సమయంలో నల్లాలు సన్నటి ధారగా వదిలి ఉంచమని అందరికీ చెప్పడంలోని కిటుకు ఇదే: కదిలే నీళ్లు గడ్డకట్టడం ఆలస్యమవుతుంది, కట్టినా ఒత్తిడికి దారి ఉంటుంది.

థర్మామీటరు 3 డిగ్రీలు చూపిస్తోంది కదా, ఈ రాత్రికి భయం లేదులే అనుకోవడం ఇంకో పొరపాటు. 18వ శతాబ్దంలో అలహాబాదు చుట్టుపక్కల ఐసు తయారు చేసేవాళ్లు. ఫ్రిజ్‌లు, కరెంటు పుట్టని కాలం అది. శీతాకాలపు రాత్రుల్లో బయలు నేలమీద గుంటలు తవ్వి, ఎండు గడ్డి పరిచి, వెడల్పాటి మట్టి మూకుళ్లలో నీళ్లు పోసి ఉంచేవాళ్లు. గాలి సున్నాకు పైనే ఉన్నా, ఆకాశం నిర్మలంగా ఉండి గాలి కదలకపోతే తెల్లారేసరికి మూకుళ్లలో మంచు పేరుకునేది. రాబర్ట్ బార్కర్ అనే ఆంగ్లేయ అధికారి 1775లో ఈ పద్ధతిని వివరంగా రాశాడు. మబ్బు లేని రాత్రి ప్రతి వస్తువూ తన వేడిని ఆకాశంలోకి వదిలేస్తూ చుట్టూ ఉన్న గాలికన్నా చల్లబడుతుంది. మన కూజా లాగా మట్టి మూకుడు నుంచి నీరు ఆవిరవడం దానికి తోడయింది. వ్యాన్ ఇనుప టాపు కూడా ఆ మూకుడులాంటిదే. ఆరుబయట నిలిపిన వ్యాన్ పైకప్పు, దాని మీద కట్టిన పోల్, తలుపుల రేకు గాలికన్నా కొన్ని డిగ్రీలు దిగువకు పోతాయి. బ్రిటన్ వాతావరణ శాఖ గాలిలో మంచు, నేలమీద మంచు అని రెండింటిని వేర్వేరుగా చెప్పడానికి కారణం ఇదే. సాయంత్రం సూచన 4 డిగ్రీలు అని చెప్పి, రాత్రి ఆకాశం నిర్మలంగా ఉంటుందని కూడా చెబితే, దాన్ని సున్నా కిందే లెక్కవేసుకోవాలి.

ఇక వ్యాన్‌లో ముందు ఏది పోతుంది? చాలామంది కళ్లు పెద్ద ట్యాంకు మీద ఉంటాయి. అది అన్నిటికన్నా చివర.

నీటిని ఒక డిగ్రీ చల్లబరచడానికి కిలోకు సుమారు 4.2 కిలోజౌళ్ల వేడి లాగాలి. సున్నా దగ్గర ఉన్న నీటిని మంచుగా మార్చడానికి కిలోకు 334 కిలోజౌళ్లు లాగాలి, అంటే 80 డిగ్రీలు చల్లబరచినంత. 400 లీటర్ల ట్యాంకులో 10 డిగ్రీల నీళ్లుంటే అవి పూర్తిగా గడ్డకట్టడానికి దాదాపు 42 యూనిట్ల కరెంటుకు సమానమైన వేడి బయటికి పోవాలి. మామూలు బ్రిటన్ రాత్రికి అది సాధ్యం కాదు. హోస్ పైపు కథ వేరు. 6 మిల్లీమీటర్ల రంధ్రం ఉన్న వంద మీటర్ల పైపులో పట్టేది 2.8 లీటర్ల నీళ్లే. కానీ లీటరుకు చలి తగిలే వైశాల్యం చూస్తే ట్యాంకుకన్నా దాదాపు 80 రెట్లు ఎక్కువ. అన్నం పెద్ద గిన్నెలో ఉంటే గంటసేపు వేడిగా ఉంటుంది, పళ్లెంలో పరిస్తే ఐదు నిమిషాల్లో చల్లారుతుంది. ఇదీ అంతే.

కాబట్టి ముందు పోయేవి బ్రష్ నాజిళ్లు, పోల్ లోపలి సన్న ట్యూబు. పోల్‌ను వ్యాన్ టాపు మీద కట్టి గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే గాలి వేడిని ఊడ్చేస్తుంది, ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి వెళ్లేలోపే ట్యూబు బిగుసుకుపోవచ్చు. తర్వాత ప్లాస్టిక్ కనెక్టర్లు, రీల్ పైపొరలోని హోస్. ఆ తర్వాత పంపు తల. అందులో పట్టేది గుక్కెడు నీళ్లే అయినా గట్టి ప్లాస్టిక్ గదిలో బిగించి ఉంటాయి, రెండు పక్కలా వాల్వులు మూసే ఉంటాయి. పైన చెప్పుకున్న ఇరుక్కున్న నీళ్లకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. హోస్ పైపు సాగుతుంది, కరిగాక చాలాసార్లు మామూలుగానే పనిచేస్తుంది. పంపు తల సాగదు, పగులుతుంది. ఫిల్టర్ల గిన్నెలు కూడా అంతే.

అన్నిటికన్నా ఖరీదైన దెబ్బ మెంబ్రేన్‌ది. అది బయటికి గొట్టంలా కనిపించినా లోపల పలుచటి పొరల చుట్ట. పొరకూ పొరకూ మధ్య చిక్కుకున్న తడి గడ్డకడితే మంచు పలుకులు ఆ పొరను గీరేస్తాయి, జిగురు అతుకులు విడిపోతాయి. పంపు పగిలితే నీళ్లు కారి తెలిసిపోతుంది. మెంబ్రేన్ పాడైతే పైకి ఏమీ కనిపించదు. నీళ్లు వస్తూనే ఉంటాయి, నిజానికి ఇంకాస్త జోరుగా వస్తాయి. ఉప్పు కూడా వాటితోపాటే దాటిపోతుంది. డీఐ రెజిన్ నెల రావాల్సింది వారానికే అయిపోతుంటే అప్పుడు అనుమానం మొదలవుతుంది.

సాయంత్రం పని ఇక్కడి నుంచి మొదలవుతుంది. చీనీ తోటకు డ్రిప్ పెట్టిన అనంతపురం రైతుకు ఇది కొత్తగా నేర్పాల్సిన పని కాదు. లేటరల్ పైపుల చివర ఎండ్ క్యాపులు విప్పి నీళ్లు వదిలేయడం, ఫిల్టరు అడుగున వాల్వు తిప్పి మడ్డి పారించడం అతను చేసే పనులే. అక్కడ ఉప్పు పేరుకోకుండా చేస్తాడు, ఇక్కడ మంచు పేరుకోకుండా చేయాలి. చేతులు చేసేది ఒకటే.

ఆఖరి కిటికీ అయిపోయాక ట్యాంకు నుంచి పంపుకు వెళ్లే వాల్వు మూసి, పంపును కొన్ని సెకన్లు వట్టిగా తిప్పాలి. ఇది డయాఫ్రం పంపు, అంటే రబ్బరు పొర కదలికతో నీళ్లు తోసేది, కాసేపు నీళ్లు లేకుండా తిరిగినా పాడవదు, బావి మోటారుకు ఉండే భయం దీనికి లేదు. పంపు రెండు వైపుల కనెక్టర్లు విప్పేయాలి. స్విచ్ కట్టేసినా లైనులో ఒత్తిడి అలాగే ఉంటుంది కాబట్టి హోస్ చివరి నల్లా కూడా తెరిచి వదిలేయాలి. పోల్‌ను ఏటవాలుగా ఎత్తి పట్టుకుంటే ట్యూబు ఖాళీ అవుతుంది, బ్రష్‌ను గట్టిగా విదిలిస్తే నాజిళ్లు ఖాళీ అవుతాయి. ఫిల్టర్ల గిన్నెలు విప్పి నీళ్లు పారబోయాలి. వ్యాన్‌లో నీళ్లు పారిస్తే అవి తలుపు అంచున గడ్డకట్టి తెల్లారి తలుపు రాదు, అందుకని ఈ పనంతా బయట కాలువ దగ్గర చేయడం మేలు.

బాల్ వాల్వుల గురించి ఒక్కటి. నీళ్లున్నప్పుడే బాల్ వాల్వును పూర్తిగా మూసి, తర్వాత పైపు ఖాళీ చేసినా దాని గుండు లోపలి రంధ్రంలో నీళ్లు బందీగా ఉండిపోతాయి. పైపులన్నీ ఖాళీగా ఉన్నా వాల్వు ఒక్కటే నిలువునా పగిలేది ఇందుకే. ఖాళీ లైనులోని వాల్వు పిడిని సగంలో ఆపితే ఆ నీళ్లు కారిపోతాయి. ట్యాంకు మూతి దగ్గరి వాల్వును మాత్రం మూయక తప్పదు కాబట్టి దానికి మందంగా చుట్టు కట్టాలి.

వంద మీటర్ల సన్న హోస్‌ను పూర్తిగా ఖాళీ చేయడం అంత తేలిక కాదు. చివర తెరిచినా రీల్ చుట్లలో నీళ్లు అక్కడక్కడ నిలిచిపోతాయి. చిన్న ఎయిర్ కంప్రెసర్ ఉంటే తక్కువ ఒత్తిడితో ఊది వెళ్లగొట్టవచ్చు, అయితే హోస్‌ను పంపు నుంచి విడదీసి మాత్రమే. మెంబ్రేన్ గుండా, ఫిల్టర్ల గుండా గాలి ఊదకూడదు. కంప్రెసర్ లేకపోతే రీల్‌నే ఊడదీసి ఇంట్లోకి తీసుకుపోవడం తేలిక. మెంబ్రేన్ విషయంలో ఖాళీ చేయడం సరిపోదు. ఎంత వంపినా ఆ చుట్టలో తడి ఉంటుంది, ఉండాలి కూడా, పూర్తిగా ఎండితే అది వేరే విధంగా చెడిపోతుంది. రెండు చివరలూ మూసి ఇంట్లో పెట్టడమే దారి. వారాల తరబడి వాడకుండా ఉంచాలంటే ఒక శాతం సోడియం మెటాబైసల్ఫైట్ కలిపిన నీళ్లలో ఉంచుతారు, ఇక్కడి ఆర్‌వో ప్లాంటువాళ్లు ఎస్ఎంబీఎస్ అని పిలిచే పొడి అదే. రెజిన్ గుండ్లు కూడా గడ్డకడితే చిట్లిపోతాయి, అవి ఉన్న సిలిండర్‌నూ ఇంట్లోకి చేర్చాలి.

నిజానికి చలి దేశంలో ఆర్‌వోను వ్యాన్‌లో పెట్టడమే అనవసరం అనిపిస్తుంది. ఇంటి గరాజులో ఆర్‌వో బిగించి, రాత్రి నీళ్లు చేసుకుని, పొద్దున వ్యాన్ ట్యాంకులోకి ఎక్కించుకుంటే అతి సున్నితమైన రెండు వస్తువులూ చలికి దూరంగా ఉంటాయి. దీనికి ఇంకో లాభం కూడా ఉంది. మెంబ్రేన్ ఉత్పత్తిని 25 డిగ్రీల నీటికి లెక్కగట్టి చెబుతారు. నీళ్లు ఒక్కో డిగ్రీ చల్లబడేకొద్దీ ఉత్పత్తి సుమారు 3 శాతం తగ్గుతుంది. 5 డిగ్రీల నీళ్లకు వచ్చేది దాదాపు సగమే. చలికాలంలో ట్యాంకు నిండటం లేదని మెంబ్రేన్ మార్చేసినవాళ్లు ఈ లెక్క ముందే తెలిసి ఉంటే డబ్బు మిగుల్చుకునేవాళ్లు.

వ్యాన్‌ను వెచ్చగా ఉంచితే పోదా అనేది అందరికీ వచ్చే ఆలోచన. ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నవాళ్లకు దీని లెక్క తేలిగ్గా అర్థమవుతుంది. 150 ఆంపియర్ అవర్ల 12 వోల్టుల బ్యాటరీలో ఉన్నది 1.8 యూనిట్లు. లెడ్ బ్యాటరీ మన్నాలంటే అందులో సగమే వాడాలి, అంటే 0.9. 500 వాట్ల హీటరు పెడితే రెండు గంటలు కూడా రాదు. చలికాలపు రాత్రి అక్కడ పదహారు గంటలు ఉంటుంది. కాబట్టి వేడి చేయాలంటే ఇంటి నుంచి కేబులు లాగి, థర్మోస్టాట్ ఉన్న చిన్న గొట్టపు హీటరును 5 డిగ్రీలకు పెట్టి ఉంచాలి. గాలి విసిరే ఫ్యాన్ హీటరును మనిషి లేని వ్యాన్‌లో రాత్రంతా వదలడం నిప్పుతో చెలగాటం. గ్యాస్ హీటరు ఇంకా ప్రమాదం: మూసిన చోట కార్బన్ మోనాక్సైడ్ పేరుకుంటుంది, దానికి రంగు, వాసన ఉండవు, తలుపు తీసి లోపలికి తల పెట్టిన మనిషికి తెలిసేలోపే స్పృహ పోవచ్చు. సామాను పోతే కొనుక్కోవచ్చు. ఈ రెండు విషయాల్లో ఎవరి ధైర్యాన్నీ నమ్మకూడదు.

హోస్‌కు స్పాంజి చుట్టాం, ట్యాంకుకు దుప్పటి కప్పాం, ఇక ఫరవాలేదు అనుకునేవాళ్లు కంబళిని గుర్తు చేసుకోవాలి. కంబళి వేడి పుట్టించదు, ఒంట్లో ఉన్న వేడిని పోనివ్వదు. లోపల వేడి ఇచ్చేది ఏదీ లేని సన్న పైపుకు కంబళి చుడితే గడ్డకట్టడం కాసేపు వాయిదా పడుతుంది, అంతే. అదే కంబళి నిండు ట్యాంకుకు కప్పితే ఎంతో పని చేస్తుంది. 400 లీటర్ల నీళ్లు 10 డిగ్రీల నుంచి 2 డిగ్రీలకు దిగేలోపు వదిలే వేడి 3.7 యూనిట్లు. వంద వాట్ల హీటరు 37 గంటలు వెలిగినదానితో సమానం. ఒక్క రాత్రి మామూలు చలికి, వాల్వు మూసి, పంపు లైను ఖాళీ చేసి, ట్యాంకును నిండుగానే ఉంచి కప్పడం ఖాళీ చేయడంకన్నా మంచిది. ఆ ట్యాంకే వ్యాన్‌కు కుంపటి అవుతుంది. వ్యాన్‌ను రోజుల తరబడి నిలపాల్సి వస్తే, లేదా 2010 డిసెంబరులాంటి చలి వస్తే ఇది చాలదు. ఆ నెల బ్రిటన్‌లో 1910 నుంచి ఉన్న లెక్కల్లోనే అతి చల్లని డిసెంబరు, సగటు ఉష్ణోగ్రతే సున్నాకు దిగువన ఉంది. అలాంటప్పుడు ట్యాంకు కూడా ఖాళీ చేయాల్సిందే.

హోస్ చివరను మళ్లీ ట్యాంకులోకి పెట్టి రాత్రంతా పంపు తిప్పుతూ నీళ్లను కదిలించే పద్ధతి కూడా ఉంది. పని చేస్తుంది. కానీ పంపు నాలుగు ఆంపియర్లు తీసుకుంటే పన్నెండు గంటలకు 48 ఆంపియర్ అవర్లు పోతాయి, పొద్దున పనికి బ్యాటరీ నీరసంగా ఉంటుంది. ఛార్జరు తగిలించి ఉంచే వీలున్నవాళ్లకే ఇది నప్పుతుంది. అర్ధరాత్రి ఫ్యూజు పోతే కదలిక ఆగి, నీళ్లతో నిండిన లైను అలాగే గడ్డకడుతుంది.

కూలెంట్‌లాంటి ద్రవం కలిపితే సరిపోదా? కారు రేడియేటర్లలో పోసే ఇథిలీన్ గ్లైకాల్ విషం. తియ్యగా ఉంటుంది కాబట్టి కారినచోట కుక్కలు నాకి చనిపోతాయి. విషం తక్కువైన ప్రొపిలీన్ గ్లైకాల్ కలిపినా అద్దం మీద జిడ్డు మిగులుతుంది. మచ్చ పడకూడదనే కదా ఆర్‌వో, రెజిన్ అన్నీ పెట్టుకున్నది! బకెట్, స్క్వీజీ అనే రబ్బరు పట్టీతో చేతికి అందే కిటికీలు తుడిచేవాళ్ల సంగతి వేరు. వాళ్లు చివర్లో రబ్బరుతో లాగేస్తారు కాబట్టి బకెట్‌లో కాస్త స్పిరిట్టు గానీ, కార్ల ముందద్దానికి వాడే చలికాలపు వాషర్ ద్రవం గానీ కలుపుకుంటారు. కెనడాలో మైనస్ 15, 20 ఉన్న రోజుల్లో నీళ్ల పోల్ పని ఎలాగూ సాగదు, అలాంటి చోట బకెట్‌దే రాజ్యం.

పొద్దున ఏదో ఒకటి గడ్డకట్టే ఉందనుకోండి. పంపు స్విచ్ వేసి ఒత్తిడితో తోసేద్దామనుకోవడం సహజమే గానీ దానివల్ల పంపు పోతుంది, కనెక్టర్లు ఊడతాయి. రీల్‌ను వెచ్చటి గదిలో పెట్టి ఆగాలి. కనెక్టర్ల మీద గోరువెచ్చటి నీళ్లు పోయొచ్చు, మరిగేవి పోస్తే ప్లాస్టిక్ చిట్లుతుంది. పగులు పడిందో లేదో మంచు ఉన్నంతసేపూ తెలియదు, ఆ మంచే పగులును మూసి ఉంచుతుంది. కరిగాక ముందు నెమ్మదిగా నీళ్లు వదిలి, ప్రతి అతుకునూ చేత్తో తడిమి చూడాలి. మెంబ్రేన్‌ను టీడీఎస్ మీటరుతో పరీక్షించాలి. నల్లా నీళ్లు 300 ఉంటే బాగున్న మెంబ్రేన్ దాటాక 5 నుంచి 15 మధ్యకు రావాలి. 60, 70 చూపిస్తే అది దెబ్బ తిన్నట్టే. పాత వ్యాన్ సామానుతో సహా కొనేవాళ్లు బేరమాడే ముందు ఈ పరీక్ష చేయాలి, ముఖ్యంగా మార్చి, ఏప్రిల్‌లో అమ్మకానికి వచ్చిన వ్యాన్లకు.

సామానంతా బాగున్నా ఆ పొద్దున పనికి పోవచ్చా అన్నది వేరే ప్రశ్న. కిటికీ మీద పోసిన నీళ్లు ఎక్కడికీ పోవు, ఇంటి ముందు మెట్ల మీద, నడిచే దారిలో పడి అద్దంలా గడ్డకడతాయి. శుభ్రం చేయించుకున్న ఇంటావిడే సాయంత్రం జారి పడితే తుంటి ఎముక విరుగుతుంది. మెట్ల దగ్గర ఉప్పు, ఇసుక చల్లడం కనీస బాధ్యత. దానికన్నా ఎండ తగిలే గోడలు ముందు, నీడ గోడలు మధ్యాహ్నం చేసుకోవడం, నేల సున్నా లోపల ఉంటే ఆ ఇంటిని ఇంకో రోజుకు పెట్టుకోవడం ఉత్తమం. మంచు పట్టిన అద్దం మీద వేడినీళ్లు కొట్టడం అస్సలు చేయకూడదు. అద్దంలో ఒక భాగం ఒక్కసారిగా వేడెక్కి వ్యాకోచిస్తే పక్క భాగం చల్లగానే ఉండి పగుళ్లు వస్తాయి.

ఇదే చిక్కు తలకిందులై కర్నూలు ఎండల్లో ఎదురవుతుంది. గని, శకునాల గ్రామాల దగ్గర వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కులో ఉన్నవన్నీ అద్దపు పలకలే. దుమ్ము పేరుకుంటే కరెంటు తగ్గుతుంది కాబట్టి సోలార్ పలకలను కడగాలి, ఉప్పు నీళ్లతో కడిగితే మచ్చలు పడతాయి. మే నెల మధ్యాహ్నం కాలిపోతున్న పలక మీద చల్లటి నీళ్లు పోస్తే, అక్కడ మంచు అద్దం మీద వేడినీళ్లు చేసిన పనే ఇక్కడ చల్లటి నీళ్లు చేస్తాయి. అందుకే ఈ పని తెల్లవారుజామున గానీ పొద్దువాలాక గానీ చేయాలి. మెంబ్రేన్‌కు పై హద్దు కూడా ఉంది: సాధారణంగా 45 డిగ్రీలు. బయట 42, 43 ఉన్న రోజు ఎండలో మూసి నిలిపిన వ్యాన్ లోపలి వేడి ఆ హద్దును సులువుగా దాటిపోతుంది. వేడి నీళ్లకు ఆర్‌వో ఎక్కువ నీళ్లిస్తుంది, వాటితో ఉప్పు కూడా ఎక్కువగా దాటుతుంది. వెలుతురు పడే ట్యాంకులో వారం నిలిచిన నీళ్లకు పాచి పడుతుంది, ఆ పాచి మెంబ్రేన్ ముఖాన పొరలా కట్టుకుంటుంది. కర్నూలులోనో అనంతపురంలోనో అద్దాలు కడిగే వ్యాన్ పెట్టుకున్నవాళ్లు కూడా సాయంత్రం ఫిల్టరు గిన్నెలు విప్పాలి, హోస్ చివర తెరవాలి, ట్యాంకు మీద వెలుతురు పడకుండా కప్పాలి. వ్యాన్‌ను వేపచెట్టు నీడన నిలిపి, వెనక తలుపును గాలి ఆడేలా నాలుగు వేళ్ల సందు ఉంచి కట్టేసుకుంటే చాలు.